ఈజిప్టు కాలక్రమాన్ని బైబిలు చరిత్రతో సరిచూసే విధానం

యోసేపును ఐగుప్తుపై అధికారిగా నియమించిన ఫరో ఎవరు, మోషే ఎవరి ఎదుట నిలిచాడు, సొలొమోనుకు కుమార్తెను ఇచ్చిన ఫరో ఎవరు అన్న ప్రశ్నలు బైబిలును శ్రద్ధగా చదివేవారికి తప్పక కలుగుతాయి. ఈ ముగ్గురు ఫరోల పేర్లనూ బైబిలు చెప్పదు. ఈజిప్టు శాసనాలు వందల కొద్దీ రాజుల పేర్లను చెబుతాయి గాని, యోసేపు గురించి, మోషే గురించి చెప్పవు. ఈ ఖాళీని పూరించాలన్న తొందరలో చాలామంది నేరుగా నిర్గమకాండంతో మొదలుపెట్టి, అక్కడ తమకు నచ్చిన ఫరోను నిలబెట్టి, మిగిలిన చరిత్రనంతా అతని చుట్టూ సర్దుతారు. నిర్గమకాండం ఈ పరిశోధనలో అన్నిటికంటే కఠినమైన ఘట్టం కాబట్టి దానిని చివరికి ఉంచుకోవాలి. తేదీలు గట్టిగా నిలిచే క్రీ.పూ. 7, 6 శతాబ్దాలతో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టే వెనక్కి వెళ్లాలి. వెళ్లేకొద్దీ తేదీకి ఇరువైపులా ఎంత సందేహం ఉందో కూడా రాసుకుంటూ పోవాలి.

ముందుగా ఒక పెద్ద పట్టిక సిద్ధం చేసుకోవాలి. ఎడమ అంచున క్రీస్తు పూర్వపు సంవత్సరాలు, వాటి పక్కన ఈజిప్టుకు, యూదాకు, ఇశ్రాయేలుకు, అస్సిరియా బబులోనులకు వేర్వేరు నిలువు గడులు, చివరన ఆధారం రాసుకోవడానికి ఒక గడి ఉండాలి. ఈ చివరి గడి అన్నిటికంటే వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే ఒక తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే దాని విలువ కట్టడం సాధ్యం కాదు. తెలుగు బైబిలులోని పేర్లకూ చరిత్ర పుస్తకాల్లోని పేర్లకూ తేడా ఉంటుంది గనుక, ఐగుప్తు అంటే ఈజిప్టు, కూషు అంటే నేటి సూడాను ప్రాంతపు నూబియా, నో అమోను అంటే థేబ్స్ నగరం, షీషకు అంటే షోషెంక్, తిర్హాకా అంటే తహార్కా, హొఫ్ర అంటే ఏప్రీస్ అని ఒక చిన్న జాబితాను పట్టిక అడుగున రాసి ఉంచుకుంటే తరువాత తికమక ఉండదు.

గట్టి నేల ఎక్కడ ఉంది

ఈజిప్టు చరిత్రలో సందేహం లేకుండా నిలిచే తేదీల్లో అన్నిటికంటే పాతది క్రీ.పూ. 664. ఆ సంవత్సరం తహార్కా మరణించాడు, 26వ రాజవంశానికి చెందిన మొదటి సామ్తిక్ పాలన ఆరంభమయింది. ఈ తేదీ ఎలా వచ్చిందో ఒకసారి స్వయంగా లెక్కవేసి చూడడం మంచిది. పారశీక చక్రవర్తి కాంబైసిస్ ఈజిప్టును జయించినది క్రీ.పూ. 525లో, పారశీక రాజుల తేదీలు బబులోను ఖగోళ నమోదులతో స్థిరపడి ఉన్నాయి. అక్కడి నుంచి వెనక్కి 26వ వంశపు పాలనా కాలాలను కూడాలి: మూడవ సామ్తిక్‌కు 1, అమాసిస్‌కు 44, ఏప్రీస్‌కు 19, రెండవ సామ్తిక్‌కు 6, రెండవ నెకోకు 15, మొదటి సామ్తిక్‌కు 54. మొత్తం 139 ఏళ్లు. 525కు 139 కలిపితే 664 వస్తుంది. ఈ పాలనా కాలాలు ఎవరో ఊహించి రాసినవి కావు. మెంఫిస్‌లో పవిత్రంగా పూజించిన ఆపిస్ ఎద్దులు ఏ రాజు ఏ ఏట పుట్టాయో, ఏ రాజు ఏ ఏట చనిపోయాయో, ఎంతకాలం బతికాయో చెక్కిన ఫలకాలు సకారా సమాధుల్లో దొరికాయి. వాటిలో ఒకటి, తహార్కా 26వ ఏట పుట్టిన ఎద్దు సామ్తిక్ 20వ ఏట, 21 ఏళ్ల వయసులో చనిపోయిందని చెబుతుంది. ఇద్దరు రాజుల మధ్య దాగి ఉన్న ఏళ్లు ఏవీ లేవని తేల్చడానికి ఆ ఒక్క ఫలకం చాలు. తహార్కా రాజ్యానికి వచ్చినది 690లో అని కూడా దానివల్లనే తేలుతుంది.

ఈ నేల మీద బైబిలు ఘట్టాలను నిలబెట్టడం కష్టం కాదు. యోషీయా రాజు మెగిద్దో దగ్గర ఫరో నెకో చేతిలో మరణించినది 609లో. నెకో సైన్యం కర్కెమీషు దగ్గర నెబుకద్నెజరు చేతిలో ఓడినది 605లో; యిర్మీయా 46:2 ఆ యుద్ధాన్ని యెహోయాకీము 4వ ఏట జరిగినదిగా చెబుతుంది. యెరూషలేము మొదటిసారి బబులోనుకు లొంగినది 597 మార్చి 16న; బబులోను వృత్తాంత ఫలకం ఆ రోజును అదారు నెల 2వ తేదీగా పేర్కొంటుంది. ఫరో హొఫ్ర శత్రువుల చేతికి చిక్కుతాడని యిర్మీయా 44:30 చెబుతుంది. 570లో అమాసిస్ అతని సింహాసనాన్ని ఆక్రమించాడు. వీటన్నిటికీ వెన్నుదన్నుగా నెబుకద్నెజరు 37వ ఏట చంద్రుడూ గ్రహాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో నమోదు చేసిన మట్టి ఫలకం ఒకటి బెర్లిన్‌లో ఉంది. ఆ స్థానాలు క్రీ.పూ. 568-567కు సరిపోతాయి.

ఇంకొంచెం వెనక్కి వెళితే 701 వస్తుంది. సన్హెరీబు యూదాపై దండెత్తినప్పుడు కూషు రాజైన తిర్హాకా యుద్ధానికి బయలుదేరాడని 2 రాజులు 19:9 అంటుంది. తహార్కా 690లో గాని రాజు కాలేదు కదా అని ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అదే అధ్యాయం 37వ వచనం వరకు చదివితే సన్హెరీబు హత్య కూడా అందులోనే ఉంది. అది జరిగినది 681లో. అంటే ఈ కథనం కనీసం ఇరవై ఏళ్ల తరువాత పూర్తయింది. ఆనాటికి లోకమంతా రాజుగా ఎరిగిన వ్యక్తిని, సైన్యాన్ని నడిపిన నాటికి అతను ఇంకా రాజు కాకపోయినా, రాజు అనే పేర్కొనడంలో వింత లేదు. సందేహం ఎదురైనప్పుడు రాజుల పట్టికను మార్చబోయే ముందు వచనం చుట్టూ ఉన్న భాగాన్ని పూర్తిగా చదవాలన్నది ఈ పనిలో నేను ఎంతో విలువనిచ్చే నియమం.

ఏళ్లను లెక్కపెట్టే రెండు పద్ధతులు

597 నాటి ఘటన దగ్గరే ఒక చిక్కు కనిపిస్తుంది. యెహోయాకీము కుమారుడైన యూదా రాజు యెహోయాకీను లొంగిపోయినది నెబుకద్నెజరు 8వ ఏట అని 2 రాజులు 24:12 అంటుంది. బబులోను ఫలకం 7వ ఏట అంటుంది. యిర్మీయా 52:28 కూడా 7వ ఏడు అనే అంటుంది. ఎవరూ తప్పు చెప్పలేదు. రాజు సింహాసనం ఎక్కిన సంవత్సరంలో మిగిలిన నెలలను పట్టాభిషేక వర్షంగా విడిగా ఉంచి, తరువాతి కొత్త సంవత్సరం నుంచి మొదటి ఏడు లెక్కించడం ఒక పద్ధతి. ఆ మిగిలిన నెలలనే మొదటి ఏడుగా లెక్కించడం రెండవ పద్ధతి. రెండవ పద్ధతిలో ప్రతి రాజుకూ ఒక ఏడు అదనంగా పడుతుంది, ఎందుకంటే పాత రాజు చివరి సంవత్సరమూ కొత్త రాజు మొదటి సంవత్సరమూ ఒకటే. మన తెలుగు శాసనాల్లో శక వర్షం గతించినదా, నడుస్తున్నదా అన్నది తేల్చకుండా క్రీస్తు శకంలోకి మారిస్తే ఒక ఏడు తేడా రావడం శాసనాలు చదివేవారందరికీ అనుభవమే; ఇక్కడి సమస్య కూడా అటువంటిదే.

దీనికి తోడు ఏడాది ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న ఉంది. వసంతంలో నీసాను నెలతోనా, శరదృతువులో తిష్రీ నెలతోనా అన్నదాన్ని బట్టి ఆరు నెలలు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఈ తేదీలను 931/930 అన్నట్టు జంట సంఖ్యలతో రాస్తారు. పట్టికలోనూ అలాగే రాయాలి. ఈజిప్టులో కూడా కాలాన్ని బట్టి పద్ధతి మారింది: కొత్త రాజ్యకాలంలో (సుమారు క్రీ.పూ. 16 నుంచి 11వ శతాబ్దం వరకు) ఫరో సింహాసనం ఎక్కిన రోజు నుంచే అతని ఏడు లెక్కించేవారు, 26వ వంశం నాటికి పంచాంగపు కొత్త సంవత్సరం నుంచి లెక్కించేవారు. తండ్రీ కొడుకులు కొంతకాలం కలిసి పాలించిన సందర్భాల్లో ఆ ఏళ్లు రెండుసార్లు లెక్కకు రాకుండా చూసుకోవాలి.

అహాబు నుంచి రెహబాము వరకు

ఈ పద్ధతుల విలువ తెలియాలంటే ఒక లెక్కను కాగితం మీద వేసి చూడాలి. దీనికి ఆధారం అస్సిరియా. అక్కడ ప్రతి సంవత్సరానికీ ఒక అధికారి పేరు పెట్టి, ఆ పేర్లను వరుసగా జాబితాలుగా రాసి ఉంచారు. బుర్ సగలే అనే అధికారి ఏట సిమాను నెలలో సూర్యగ్రహణం పట్టిందని అందులో ఉంది. ఖగోళ గణనం ప్రకారం అది క్రీ.పూ. 763 జూన్ 15. ఆ ఒక్క రోజు స్థిరపడితే జాబితా మొత్తం స్థిరపడుతుంది. ఆ లెక్కన మూడవ షల్మనేసరు 6వ ఏట, అంటే 853లో, కర్కర్ దగ్గర తనను ఎదిరించిన కూటమిలో ఇశ్రాయేలు రాజైన అహాబు 2,000 రథాలతో, 10,000 మంది సైనికులతో ఉన్నాడని నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కుర్ఖ్ శిలాఫలకం చెబుతుంది. అదే రాజు 18వ ఏట, అంటే 841లో, యెహూ నుంచి కప్పం తీసుకున్నట్టు రాయించుకున్నాడు.

853లో అహాబు బతికే ఉన్నాడు; 841 నాటికి యెహూ రాజయ్యాడు. మధ్యలో 12 ఏళ్లు. బైబిలు ప్రకారం వీరిద్దరి మధ్య అహజ్యా 2 ఏళ్లు, యెహోరాము 12 ఏళ్లు పాలించారు, కూడితే 14. ఉత్తర రాజ్యం రెండవ పద్ధతిని అనుసరించిందనుకుని ఒక్కొక్కరికి ఒక ఏడు తీసివేస్తే సరిగ్గా 12 మిగులుతుంది. కాబట్టి కర్కర్ యుద్ధం జరిగిన 853లోనే అహాబు మరణించాడు, 841లోనే యెహూ సింహాసనం ఎక్కాడు.

ఇప్పుడు అక్కడి నుంచి వెనక్కి వెళ్లాలి. యరొబాముకు 22, నాదాబుకు 2, బయెషాకు 24, ఏలాకు 2, ఒమ్రీకి 12, అహాబుకు 22 ఏళ్లు. జిమ్రీ పాలించినది ఏడు రోజులే కనుక లెక్కలోకి రాడు. మొత్తం 84. ఆరుగురు రాజులకు ఆరు ఏళ్లు తీసివేస్తే 78. 853కు 78 కలిపితే 931. ఇదే కాలాన్ని యూదా రాజుల వైపు నుంచి చూద్దాం. రెహబాముకు 17, అబీయాముకు 3, ఆసాకు 41, ఆపైన అహాబు కుమారుడు అహజ్యా రాజైన యెహోషాపాతు 17వ ఏడు. ఆనాటి యూదా మొదటి పద్ధతిని పాటించింది కనుక ఇక్కడ తీసివేత లేదు. 17, 3, 41, 17 కూడితే 78 వస్తుంది. రెండు రాజ్యాల సంఖ్యలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే సంవత్సరం దగ్గర కలుస్తాయి. 20వ శతాబ్దంలో ఎడ్విన్ థీలే ఈ రెండు పద్ధతులను ఆధారం చేసుకుని రాజుల గ్రంథాల సంఖ్యలను విడదీసి చూపే వరకు అవి పొంతన లేనివని చాలామంది కొట్టిపారేశారు. ఆ సంఖ్యలను అంత నమ్మకంగా కాపాడి మనకు అందించిన లేఖకుల పట్ల ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు గౌరవం పెరుగుతుంది.

సొలొమోను మరణం, రాజ్యం రెండుగా చీలడం 931/930లో అయితే, రెహబాము 5వ ఏడు 926/925 అవుతుంది. ఆ ఏటనే ఐగుప్తు రాజైన షీషకు యెరూషలేము మీదికి వచ్చి మందిరపు నిధులను, సొలొమోను చేయించిన బంగారు డాళ్లను తీసుకుపోయాడని 1 రాజులు 14:25, 26 చెబుతాయి.

షీషకు దగ్గర జాగ్రత్త

బైబిలు పేరు పెట్టి చెప్పిన మొదటి ఫరో షీషకు. ఇతనిని 22వ వంశ స్థాపకుడు, లిబియా మూలాలు గల మొదటి షోషెంక్‌గా గుర్తిస్తారు. కర్నాక్ ఆలయంలో ఇతను కట్టించిన ద్వారం దగ్గరి గోడ మీద, జయించిన ఊళ్ల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. వాటిలో మెగిద్దో, తానాకు, బేత్షెయాను, గిబియోను వంటివి గుర్తించగలిగారు. మెగిద్దో తవ్వకాల్లో ఇతని పేరున్న శిలాఫలకపు ముక్క ఒకటి దొరికింది. మిగిలి ఉన్న పేర్లలో యెరూషలేము లేదు. జాబితాలో కొంత భాగం చెరిగిపోయింది. పైగా రెహబాము నిధులు అప్పగించి నగరాన్ని కాపాడుకున్నాడని అనుకుంటే, జయించిన ఊళ్ల వరుసలో దాని పేరు లేకపోవడానికి కారణం కూడా కనిపిస్తుంది. అయినా ఇది ఊహ అని పట్టికలో స్పష్టంగా రాయాలి.

ఈ మెట్టు దగ్గరే అసలైన చిక్కు ఉంది. అనేక పుస్తకాలు షోషెంక్ పాలనను 945 నుంచి 924 వరకు అని ఇస్తాయి. చదువరి ఆ తేదీని తీసుకుని, 925 అందులో ఇమిడింది కనుక బైబిలు రుజువయిందని సంతోషిస్తాడు. కాని ఆ 945 ఎలా వచ్చింది? గెబెల్ ఎస్ సిల్సిలా రాతి గనుల శాసనం షోషెంక్ 21వ ఏట కర్నాక్ నిర్మాణానికి రాయి తీయించాడని చెబుతుంది. దండయాత్ర అంతకు కొంచెం ముందు జరిగి ఉండాలని అనుకుని, దానికి బైబిలు నుంచి వచ్చిన 925ను అంటించి, ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి 945 అన్నారు. బైబిలుతో కట్టిన తేదీతో బైబిలును రుజువు చేయడం వలయంలో తిరగడమే అవుతుంది. కనుక ఆధారం గడిలో ఈ తేదీకి ఎదురుగా “బైబిలు మీద ఆధారపడినది” అని రాసి, దానిని రుజువుల లెక్కలో కలపకూడదు.

బైబిలుతో సంబంధం లేకుండా షోషెంక్‌ను చేరుకునే దారులు ఉన్నాయా అని తరువాత వెతకాలి. 664 నుంచి ఈజిప్టు రాజుల ఏళ్లను కూడుతూ వెనక్కి వెళ్లడం ఒక దారి. అయితే 22, 23 వంశాల వారు వేర్వేరు నగరాల్లో ఒకేసారి పాలించడం వల్ల, తహార్కాకు ముందు పాలించిన నూబియా రాజులు షబాకో, షెబిత్కుల వరుస మీద కూడా భేదాభిప్రాయాలు ఉండడం వల్ల, ఈ దారి ఖచ్చితమైన సంవత్సరాన్ని ఇవ్వదు గాని 10వ శతాబ్దపు నడిమి భాగానికి చేరుస్తుంది. దాఖ్లా ఒయాసిస్సులో దొరికిన ఒక శిలాఫలకంలోని పండుగ రోజును చంద్రుని గతితో ముడిపెట్టి 943 అని ప్రతిపాదించిన లెక్క మరొకటి. ఈ రెండు దారులూ 925 నాటి దండయాత్రకు అనుకూలంగానే ఉన్నాయి. రుజువు అనదగినది ఉంటే అది ఈ పొంతనలోనే ఉంది.

షీషకుకు కొంచెం ముందు, గెజెరు పట్టణాన్ని పట్టుకుని సొలొమోను భార్యకు కట్నంగా ఇచ్చిన ఫరో 1 రాజులు 9:16లో కనిపిస్తాడు. అతను 21వ వంశపు సియామున్ కావచ్చునన్నది చాలామంది అభిప్రాయం. తేదీలు కలుస్తాయి, పేరు చెప్పే ఆధారం లేదు. దీనిని పెన్సిలుతో రాసుకోవాలి. హోషేయ సహాయం కోరిన సో, ఆసా మీదికి వచ్చిన కూషీయుడు జెరహు కూడా అంతే.

కొత్త రాజ్యపు ఫరోల తేదీలు

షోషెంక్‌ను దాటి వెనక్కి వెళ్లినప్పుడు బైబిలు సహాయం లేకుండానే ఈజిప్టు తేదీలను నిలబెట్టుకోవాలి. ఇందుకు నాలుగు రకాల ఆధారాలు ఉన్నాయి, అవి ఒకదానికొకటి సంబంధం లేనివి కావడమే వాటి బలం.

ఇతర దేశపు రాజులతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నిటికంటే నమ్మదగినవి. 1887లో బయటపడిన అమర్నా మట్టి ఫలకాల్లో అస్సిరియా రాజు మొదటి అష్షూర్ ఉబల్లిత్ ఫరో అఖెనాతెన్ కాలపు ఈజిప్టుకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. అస్సిరియా రాజుల జాబితా అతనిని 14వ శతాబ్దపు మధ్యలో ఉంచుతుంది, కనుక అఖెనాతెన్ కూడా అక్కడే ఉండాలి. రెండవ రామ్సేసు తన 21వ ఏట హిత్తీయుల రాజు మూడవ హత్తుసిలితో చేసుకున్న సంధి మరొక ముడి.

చంద్రుని నమోదులు రెండవ రకం. రెండవ రామ్సేసు 52వ ఏటి ఒక చాంద్రమాన తేదీ దొరికింది. ఈజిప్టు పంచాంగంలో 25 ఏళ్లకు ఒకసారి చంద్రకళలు దాదాపు అవే తేదీలకు తిరిగి వస్తాయి కనుక, ఆ నమోదు ఒకే జవాబు ఇవ్వదు. అతని పట్టాభిషేకానికి 1304, 1290, 1279 అన్న మూడు సంవత్సరాలను ముందుంచింది. పై సంధుల వంటి ఆధారాలతో కలిపి చూసి నేడు ఎక్కువమంది 1279ను స్వీకరిస్తున్నారు. మూడవ థుత్మోసు 1479లో రాజయ్యాడన్నది కూడా ఇటువంటి లెక్కల నుంచి వచ్చినదే.

మూడవ రకం నక్షత్ర నమోదు. మనం మృగవ్యాధుడని పిలిచే సిరియస్ నక్షత్రం కొంతకాలం కనపడక, మళ్లీ వేకువన మొదటిసారి ఉదయించే రోజును ఈజిప్టువారు గుర్తుపెట్టుకునేవారు. వారి ఏడాదికి 365 రోజులే గనుక ఆ ఉదయం నాలుగేళ్లకు ఒక రోజు చొప్పున పంచాంగంలో జరుగుతూ పోతుంది. మొదటి అమెన్‌హోటెప్ 9వ ఏట ఆ ఉదయాన్ని నమోదు చేసిన పపైరస్ ఉన్నా, చూసినవారు ఉత్తరాన మెంఫిస్‌లో ఉన్నారా, దక్షిణాన థేబ్స్‌లో ఉన్నారా అన్నదాన్ని బట్టి తేదీ సుమారు రెండు దశాబ్దాలు మారుతుంది. దీనిని ఒంటరి సాక్షిగా నిలబెట్టకూడదు.

నాలుగవది రేడియోకార్బన్, అంటే జీవ పదార్థంలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు కట్టే పద్ధతి. 2010లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా జరిగిన పరిశోధనలో, ఏ రాజు కాలానికి చెందినవో తెలిసిన 200కు పైగా విత్తనాలు, బుట్టలు, నారలు వంటి వృక్ష నమూనాలను పరీక్షించి, కొత్త రాజ్యకాలం 1570కి 1544కి మధ్య మొదలయిందని తేల్చారు. ప్రచారంలో ఉన్న కాలక్రమం మొత్తం మీద సరైనదేనని అది చూపింది.

షీషకు అంటే షోషెంక్ కాదు, రెండవ రామ్సేసే అని, ఈజిప్టు తేదీలన్నిటినీ మూడు శతాబ్దాలకు పైగా కిందికి దించితే బైబిలు ఘట్టాలు చక్కగా కలుస్తాయని వాదించే వారి రచనలు మీకు ఎదురవుతాయి. వాటి ఆకర్షణ నాకు అర్థమవుతుంది. కాని ఆ మార్పు చేయాలంటే పై నాలుగు రకాల ఆధారాలనూ ఒకేసారి తోసివేయాలి. రామ్సేసుతో పాటు హిత్తీయుల రాజులను, బబులోను, అస్సిరియా రాజులను కూడా కదిలించాలి, సూర్యగ్రహణంతో స్థిరపడిన జాబితా అందుకు చోటివ్వదు. అటువంటి ప్రతిపాదన కనిపించినప్పుడు మీ పట్టికలో ఈజిప్టు గడిని మాత్రమే కాక పక్క గడులన్నిటినీ అదే మేర జరిపి చూడండి. ఎక్కడ తెగుతుందో వెంటనే కనిపిస్తుంది.

ఇప్పుడు నిర్గమకాండం

సొలొమోను తన 4వ ఏట మందిరం కట్టడం ఆరంభించాడనీ, అది ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన 480వ సంవత్సరమనీ 1 రాజులు 6:1 చెబుతుంది. సొలొమోను 40 ఏళ్లు పాలించి 931/930లో మరణించాడు కనుక అతని 4వ ఏడు 967/966. దానికి 480 కలిపితే 1446. మోయాబు సరిహద్దు దేశంలో ఇశ్రాయేలీయులు 300 ఏళ్లుగా నివసిస్తున్నారని న్యాయాధిపతులు 11:26లో యెఫ్తా అన్న మాట దీనికి బలమిస్తుంది. ఈ తేదీని స్వీకరిస్తే ఫరో మూడవ థుత్మోసు అవుతాడు. అయితే అతను 1425 వరకు బతికాడు కనుక, ఫరో కూడా సముద్రంలో మునిగిపోయాడని అనుకునేవారికి ఇది చిక్కు.

మరొక వైపు, ఇశ్రాయేలీయులు ఫరో కోసం పీతోము, రామెసేసు అనే పట్టణాలు కట్టారని నిర్గమకాండము 1:11 చెబుతుంది. నైలు డెల్టాలోని కంతీర్ దగ్గర బయటపడిన పి రామ్సేసు నగరం రెండవ రామ్సేసు రాజధాని. అంటే 13వ శతాబ్దం. అప్పుడు 480 అన్నది పన్నెండు తరాలకు నలభై చొప్పున వేసిన సంఖ్య కావచ్చునని, యెఫ్తా మాటను కూడా ఉజ్జాయింపు లెక్కగా తీసుకోవాలని చెబుతారు. దీనికి ఎదురుగా, యోసేపు కాలంలోనే ఆ ప్రాంతాన్ని ఆదికాండము 47:11 రామెసేసు అని పిలిచింది కనుక, తరువాతి వారికి తెలిసిన పేరును లేఖకులు పాత కాలానికి వాడి ఉండవచ్చునని మొదటి పక్షం వారు అంటారు. ఇది తేలికగా తీసివేయదగిన జవాబు కాదు. సెప్టువజింటు అనే గ్రీకు అనువాదంలో 480కి బదులు 440 ఉన్నదన్న సంగతి కూడా రాసుకోవాలి.

రెండు పక్షాలకూ హద్దు గీసేది మెర్నెప్తా శిలాఫలకం. 1896లో థేబ్స్ దగ్గర ఫ్లిండర్స్ పెట్రీ బయటపెట్టిన ఈ ఫలకం రెండవ రామ్సేసు తరువాత రాజైన అతని కుమారుడు మెర్నెప్తా 5వ ఏటిది, అంటే సుమారు 1208. కనానులో తాను అణచిన వారి వరుసలో ఇశ్రాయేలు పేరు ఉంది. పక్కన పట్టణాలకు, దేశాలకు వాడే గుర్తు కాక జనసమూహానికి వాడే గుర్తు ఉంది. ఆ నాటికి ఇశ్రాయేలు అనే జనం కనానులో ఉన్నారన్నది దీనితో స్థిరం. అరణ్యంలో 40 ఏళ్లు తీసుకుంటే నిర్గమనం 1250కి ఇటువైపు రాకూడదు.

నిర్గమనాన్ని ప్రస్తావించిన ఈజిప్టు శాసనం ఇంతవరకు లేదు. ఫరోలు తమ పరాజయాలను రాతి మీద చెక్కించే అలవాటు లేనివారు కావడం, డెల్టా తడి నేలలో పపైరస్ నిలవకపోవడం ఇందుకు చెప్పే కారణాలు. అవి మౌనాన్ని వివరిస్తాయి గాని రుజువు కాలేవు. యెరికో తవ్వకాల్లో కాథ్లీన్ కెన్యన్ ఆ పట్టణపు గోడల నాశనాన్ని సుమారు 1550 దగ్గర పెట్టడం రెండు పక్షాలకూ ఇబ్బందే. అమర్నా ఉత్తరాల్లో యెరూషలేము పాలకుడు అబ్దిహెబా హబిరుల గురించి చేసిన ఫిర్యాదులను యెహోషువ దండయాత్రగా చదివేవారున్నారు. ఆ హబిరులు సిరియా నుంచి మెసొపొటేమియా వరకు పలు చోట్ల కనిపించే గుంపులు కనుక ఆ ముడి సడలినదే. ఆధారాల బరువు 13వ శతాబ్దం వైపు కొంత మొగ్గుతోందని నా అభిప్రాయం. అయినా పట్టికలో ఒక్క తేదీని రాసి రెండవదాన్ని చెరిపివేయడం న్యాయం కాదు. 1446 దగ్గర ఒక గుర్తు, 1270-1250 దగ్గర ఒక గుర్తు పెట్టి, ఒక్కొక్కదానికి అనుకూలమైన వచనాన్నీ, ఎదురుతిరిగే ఆధారాన్నీ పక్కనే రాయండి. సంఘంలోనో తరగతిలోనో బోధించేవారు ఈ రెండు గుర్తులనూ చూపించే బోధించాలి. ఒకదాన్నే నిశ్చయంగా నేర్చుకున్న విద్యార్థి రెండవదాన్ని విన్న రోజున గ్రంథాన్నే అనుమానిస్తాడు.

అంతకు పూర్వం

పితరుల కాలానికి వచ్చేసరికి తప్పు హద్దు శతాబ్దాలకు పెరుగుతుంది. నిర్గమకాండము 12:40లోని 430 ఏళ్లు హీబ్రూ పాఠంలో ఐగుప్తు నివాసానికి చెందినవి. గ్రీకు పాఠంలో, సమరయులు కాపాడుకున్న పాఠంలో కనాను నివాసాన్నీ కలుపుకున్నవి. గలతీయులకు 3:17లో పౌలు వాగ్దానం నుంచి ధర్మశాస్త్రం వరకు అదే సంఖ్య చెబుతాడు. నిర్గమనానికి రెండు తేదీలు, నివాసానికి రెండు నిడివులు కలిస్తే యోసేపుకు నాలుగు స్థానాలు వస్తాయి: ఒకటి 12వ వంశంలో, రెండు ఉత్తర ఈజిప్టును ఏలిన ఆసియా మూలపు రాజులైన హిక్సోసుల కాలానికి దగ్గరలో, మరొకటి 18వ వంశంలో. నాలుగింటినీ గీసి, ఫరో పేరు రాయవలసిన గడిని ఖాళీగా ఉంచాలి.

జలప్రళయానికి 17వ శతాబ్దపు ఆర్చ్‌బిషప్ అషర్ లెక్కల నుంచి వచ్చిన 2348 వంటి తేదీలను తీసుకుంటే, అప్పటికి గీజా పిరమిడ్లు కట్టి రెండు శతాబ్దాలు అవుతుంది, ఈజిప్టు రాజుల వరుస తెగకుండా సాగుతూ ఉంటుంది. ఇక్కడ ఈజిప్టు వైపు సర్దుబాటు వెతకడానికి ముందు, సృష్టి నుంచి జలప్రళయం వరకు హీబ్రూ పాఠం 1656, సమరయ పాఠం 1307, సెప్టువజింటు 2242 ఏళ్లు ఇస్తాయని గమనించి, మూడింటినీ మూడు వేర్వేరు గడుల్లో వేసుకోవాలి. అషర్ తేదీలు వీటిలో మొదటిదాని మీద మాత్రమే కట్టినవి. పట్టికలో ఈ భాగాన్ని గీత గీసి విడిగా ఉంచి, పై భాగంలో ఇంతవరకు స్థిరపరచిన తేదీల్లో ఏ ఒక్కటీ దీని మీద ఆధారపడకుండా చూసుకోవాలి.